పాత రంపం కొన్నాము: విప్పి చూసి నేర్చుకున్న ఊరి కథ

పోయిన ఏడాది ఆడి మాసంలో మా ఇంటికి ఒక పాత టేబుల్ సా వచ్చింది. ఇనుప బల్ల, దాని మధ్యలో సన్నటి సందు, ఆ సందులోంచి పైకి తేలి గిర్రున తిరిగే గుండ్రటి రంపం. మేము దాన్ని బల్ల రంపం అంటున్నాము. ఆడిలో కొత్త వస్తువు ఇంటికి తేకూడదని అమ్మ అడ్డం చెప్పింది. "కొత్తది కాదు కదవ్వా, నాకన్నా పాతది" అన్నాడు మా పిల్లవాడు. అమ్మకు నవ్వు వచ్చింది. ఆ అడ్డం తొలిగిపోయింది.

నవ్వని మనిషి ఒకరు ఉన్నారు. మా చిన్నాయన. ఆయన ఎడమ చేతికి చూపుడు వేలు, నడిమి వేలు సగానికే ఉంటాయి. నలభై ఏండ్ల కిందట ఒక ఫౌండ్రీలో కొయ్య పని చేస్తున్నప్పుడు ఇలాంటి రంపం మీదే పోయినాయి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పరు, మేమూ అడగము. పిల్లవాడు రంపం మాట ఎత్తిన రోజు మాత్రం అన్నం ముందర నుంచి లేచిపోయినారు. పోతూ పోతూ, "అది వాకిట్లోకి వస్తే నేను ఈ ఇంటికి రాను" అన్నారు.

పిల్లవాడి పక్షాన కూడా న్యాయం ఉంది. వాడిది కంప్యూటర్ ఉద్యోగం. ఏడాదిగా సాయంత్రాలు ఉలి, చేతి రంపం పట్టుకొని పీటలు, పెట్టెలు చేస్తున్నాడు. మదురై దగ్గర తిరుమంగళం వైపు ఉన్న మా అవ్వగారి ఇల్లు కూలదోసినప్పుడు వచ్చిన టేకు దూలాలు ఆరు మా వెనక కొట్టంలో పడి ఉన్నాయి. వాటిని పలకలుగా కోసి భోజనాల బల్ల చేయాలని వాడి ఆశ. చేతి రంపంతో ఒక దూలం కోయడానికి కూర్చున్నాడు. రెండు ఆదివారాలు పోయినాయి, జానెడు లోతు తెగింది. "రంపపు కోత" అని మనవాళ్ళు బాధకు ఎందుకు పేరు పెట్టినారో అప్పుడు తెలిసింది.

పది రోజులు గడిచినాక చిన్నాయన తనంతట తానే వచ్చి ఒక షరతు పెట్టినారు. "కొనేదానికి ముందు విప్పి చూడాల. విప్పనీయనివాని దగ్గర కొనగూడదు. తెచ్చినాక ఇంకోసారి నట్టు నట్టు విప్పాల. ఈ ఊరు అట్లనే బతికింది."

ఈ ఊరు అట్లా బతికిందన్న మాట ఎంతవరకు నిజమో చూద్దామని పాత సంగతులు తవ్వినాము. తవ్వగా దొరికింది మన ఇళ్ళ పిల్లల కోసం ఇక్కడ రాసిపెడుతున్నాము.

దూలాల కథ

మన పెద్దలు ఈ తమిళ సీమకు ఒక్కసారిగా రాలేదు, ఒక్క కులంగానూ రాలేదు. విజయనగరం కుమార కంపన 14వ శతాబ్దంలో మదురై సుల్తానులను ఓడించాడు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక రాజ్యం నిలబెట్టాడు. ఆ దారిన సైనికులు, సేద్యగాళ్ళు, నేతగాళ్ళు, తోలుపని వాళ్ళు తరాల తరబడి వచ్చినారు. కమ్మవారు, రెడ్లు, బలిజలు, దేవాంగులు, అరుంధతీయులు, అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక తీరు తెలుగు మిగిలింది. ఆ వలసల కథను కోవిల్‌పట్టి కరిసల్ సీమలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో నవలగా రాశారు. ఆయన ఇంటి భాష తెలుగు.

పాత ఇంటి కొయ్యను విప్పి కొత్త ఇంటికి తీసుకుపోవడం మన సీమలో రాజుల నాటి అలవాటు. తిరుమల నాయకుడు 1636లో మదురైలో మహలు కట్టించాడు. ఇప్పుడు మనం టిక్కెట్టు కొని చూసేది అందులో ఒక భాగం మాత్రమే. ఆయన మనవడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచ్చికి మార్చినప్పుడు మహలులో చాలా భాగం విప్పించి, సామాను అక్కడికి తరలించాడు. మిగిలినదాన్ని రెండు వందల ఏండ్ల తర్వాత మద్రాసు గవర్నరు నేపియర్ దొర బాగు చేయించాడు. ఈనాటికీ కారైక్కుడి వీధుల్లో పాత చెట్టినాడు ఇళ్ళ బర్మా టేకు స్తంభాలు, తలుపులు, దూలాలు అమ్ముతారు. కొయ్యకు ఒక ఇంటితో ఆయుష్షు తీరదు.

కోయంబత్తూరు వైపు టేకు ఆనమలై కొండల నుంచి వచ్చేది. పొల్లాచ్చికి పైన ఉన్న టాప్‌స్లిప్ అన్న పేరే అక్కడి పనిని చెబుతుంది. కొట్టిన మొద్దులను కొండ పైనుంచి కిందికి జార్చేవారు. అడవి తరిగిపోతుంటే, కొట్టిన మొదళ్ళ నుంచి మళ్ళీ చిగుళ్ళు పెంచే పద్ధతి పెట్టిన అటవీ అధికారి హ్యూగో వుడ్ 1933లో కన్నుమూశాడు. ఆయన సమాధి టాప్‌స్లిప్‌లో టేకు చెట్ల నడుమనే ఉంది.

ఆ మొద్దులు పలకలు కావాలంటే గొయ్యి తవ్వాలి. మొద్దును గొయ్యి మీద అడ్డం పెట్టి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి పొడుగాటి రంపాన్ని పైకీ కిందికీ లాగాలి. కిందివాడి కళ్ళ నిండా పొట్టు. రంపం అన్న మాట మనకూ తమిళానికీ ఒకటే. ఉలి మనది, ఉళి వాళ్ళది. నాలుగైదు వందల ఏండ్లలో మన ఇళ్ళలో ఎన్నో తెలుగు మాటలు జారిపోయినాయి కానీ పనిముట్ల మాటలు పోలేదు. పక్కన నిలబడి పని చేసేవాడిది కూడా అదే మాట కాబట్టి.

మోటారు సైకిల్ కొన్న సర్వరు

కోయంబత్తూరులో పాత మెషీను కొన్నవాళ్ళలో మొదట చెప్పుకోవలసిన పేరు జి.డి. నాయుడు గారిది. గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. బడి చదువు మొదట్లోనే ఆగిపోయింది. కుర్రతనంలో ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిల్ మీద పోతుంటే చూశారు. ఎద్దు, గుర్రం ఏదీ లేకుండా బండి నడవడం ఆయన మనసులో నాటుకుపోయింది. ఊరు విడిచి కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వరుగా చేరి, కూడబెట్టిన కొన్ని వందల రూపాయలతో అలాంటి మోటారు సైకిల్ కొన్నారు. అది కొత్తది కాదు, దొర వాడినదే.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. మాకు ముఖ్యమనిపించింది ఆ తర్వాతిది. ఆయన దాన్ని ముక్క ముక్కగా విప్పి, మళ్ళీ బిగించి, అట్లా మెకానిక్ అయినారు. నేర్పే గురువు లేడు, చదవడానికి చేతిలో పుస్తకం లేదు. విప్పిన బండే ఆయనకు బడి.

1920లో ఒక మోటారు బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సు నుంచి పెరిగినదే యూనివర్సల్ మోటార్ సర్వీస్, యు.ఎం.ఎస్. 1937లో పీలమేడులోని ఆయన కార్ఖానాలో కరెంటు మోటారు తయారైంది. దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. దానికి పాటుపడిన డి. బాలసుందరం నాయుడు గారు తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టి, మిల్లు మెషీన్లనే ఇక్కడ తయారు చేయించారు. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్ పెట్టడానికి కూడా జి.డి. నాయుడు గారే పూనుకున్నారు. ఏండ్ల తరబడి తరగతిలో కూర్చోబెట్టే చదువు మీద ఆయనకు నమ్మకం తక్కువ, చేతితో చేసి తొందరగా నేర్చుకోవాలనేవారు. ఆ చదువే పెరిగి ఈనాటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. అవినాశి రోడ్డులో బస్సు కండక్టరు "హోప్ కాలేజ్" అని అరిచినప్పుడు ఆ పేరే వినపడేది.

ఇనుము కింద కొయ్య

ఒక్క మనిషి వల్ల ఊరు మారదు. ఊరి అవసరం కలిసి రావాలి. కోయంబత్తూరు సీమలో వాన తక్కువ, బావులు లోతు. ఒకప్పుడు కపిలి కట్టి, ఎద్దుల చేత తోలు బొక్కెనలతో నీళ్ళు తోడించేవారు. ఆ తోలు బొక్కెనలు కుట్టినవాళ్ళు అరుంధతీయులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. కపిలి పోయి ఆయిల్ ఇంజను, ఆ తర్వాత మోటారు పంపు వచ్చినాయి. నల్లరేగడి పత్తి ఉంది కాబట్టి మిల్లులు వచ్చినాయి. 1888లో రాబర్ట్ స్టేన్స్ దొర మొదటి నూలు మిల్లు పెట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టారు. 1932లో నీలగిరిలోని పైకారా జలవిద్యుత్తు వచ్చేసరికి మిల్లు వెనక మిల్లు లేచింది.

మెషీన్లు ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి. ఒక పళ్ళ చక్రం విరిగితే కొత్తది వచ్చేదాకా మగ్గమైనా కదురైనా ఆగిపోతుంది. నెలల తరబడి ఎవరు ఆగుతారు? విరిగినదాన్ని చూసి ఇక్కడే పోసుకోవడం మొదలైంది. ఊరి ఫౌండ్రీలు చెరుకు గానుగలతో మొదలుపెట్టి ఇంజన్లు, పంపుల దాకా పోయినాయి. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగాన్ని ధర్మానికి రాసి, 1926లో పి.ఎస్.జి. ట్రస్టు పెట్టారు. ఆ ట్రస్టు మొదటి పనుల్లో ఒకటి ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్. పిల్లలు నేర్చుకుంటూనే అమ్మదగిన వస్తువు తయారు చేసే చోటు అది. పి.ఎస్.జి. లేతులు ఎన్నో వర్క్‌షాపుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. 1962లో లక్ష్మీ మెషీన్ వర్క్స్ పుట్టింది. ఒకప్పుడు నూలు మెషీన్లు దిగుమతి చేసుకున్న ఊరు వాటిని తానే చేసి అమ్మే ఊరు అయింది.

ఈ గొప్పల్లో మరిచిపోకూడని సంగతి ఒకటుంది. బోర్డు మీద ఉన్న పేర్లు చాలావరకు మనవాళ్ళవి. కానీ పోత పోసిన చేతులు, కొయ్య చెక్కిన చేతులు అన్నీ మనవి కావు. తమిళ ఆచారులు, కమ్మరులు, పల్లెల నుంచి వచ్చిన కూలీలు, ఎందరివో. 1955లో ఈ ఊళ్ళో కరెంటు రుబ్బురోలు కనిపెట్టిన పి. సభాపతి గారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. మన ఇడ్లీ పిండి ఆయన పుణ్యం. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మా చిన్నాయన ఆ చేతుల్లో ఒకరు. ఆయన ప్యాటర్న్ మేకరు. ఇది చాలామందికి తెలియని పని. పంపు అయినా, మోటారు గూడు అయినా, ఇనుముతో పోయాలంటే ముందు దాన్ని అచ్చంగా కొయ్యతో చెక్కాలి. ఆ కొయ్య రూపాన్ని ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు నూటికి ఒక పాలు దాకా ముడుచుకుంటుంది. అందుకని ప్యాటర్న్ కొంచెం పెద్దదిగా చేయాలి. అడుగుకు అష్టమాంశం అంగుళం అని చిన్నాయన లెక్క. ఆ లెక్కతోనే గీతలు సాగదీసి గీసిన స్కేలు వాళ్ళ దగ్గర వేరేగా ఉండేది. ఒక తప్పుడు గీత పడితే టన్నుల ఇనుము వృథా. అంటే ఈ ఊరి ఇనుప పేరంతా కొయ్య మీద నిలబడి ఉంది. చిన్నాయన చెప్పేదాకా మాకూ తోచలేదు.

గుండ్రటి రంపం, పోయిన వేళ్ళు

గుండ్రటి రంపానికి 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. 1800 తర్వాత పోర్ట్స్‌మత్ రేవులో యుద్ధ నౌకల కప్పీలు మెషీన్ల మీద చేసినప్పుడు ఈ రంపాలకు పెద్ద పని పడింది. 1906లో జర్మనీలో విల్హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ బల్లే జరిగే రంపం చేశాడు. ఈనాడు ప్లైవుడ్ కోసే ప్రతి కొట్టులోనూ కనపడేది దాని సంతతే.

ఈ రంపంతో వచ్చే ప్రమాదం పళ్ళ పదును ఒక్కటే కాదు. 300 మిల్లీమీటర్ల రంపం నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పంటి కొన సెకనుకు దాదాపు 47 మీటర్లు పోతుంది. గంటకు 170 కిలోమీటర్ల వేగం. రంపం ముందు వైపు పళ్ళు కొయ్యను బల్లకేసి అదిమి కోస్తాయి. వెనక వైపు పళ్ళు పైకి లేస్తుంటాయి. తెగిన కొయ్య వెనక మూసుకొని ఆ పళ్ళను పట్టుకుంటే అవి కొయ్యను లేపి మన మీదికే విసురుతాయి. కొయ్యను తోస్తున్న చేయి ఆ క్షణంలో ఆధారం తప్పి రంపం మీద పడుతుంది. చిన్నాయన వేళ్ళు పోయింది అట్లానే. "నేనేమీ పరాకుగా లేను" అన్నారు, నలభై ఏండ్లలో మొదటిసారి ఆ మాట ఎత్తి. "కొయ్య వెనక్కి తన్నింది. అంతే."

దానికి మందు పాతకాలం నుంచే ఉంది. రంపం వెనకాల, దాని వరుసలోనే నిలబడే ఒక పలుచని ఉక్కు రెక్క. రైవింగ్ నైఫ్ అంటారు. తెగిన సందును అది మూసుకోనీయదు. ఇంగ్లండులో 1922 నాటి కొయ్య మెషీన్ల నిబంధనల్లోనే అది తప్పనిసరి. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం మెషీన్లకు కంచె ఉండాలంటుంది. దాని కింద వచ్చిన నిబంధనల్లో గుండ్రటి రంపానికి ఈ రెక్క, పైన గార్డు రెండూ ఉన్నాయి. చట్టం ఉంది, రెక్క చేయడం తెలిసిన ఇనుప పనివాళ్ళు వీధికొకరు ఉన్నారు. అయినా ఎన్నో కొట్లలో అవి ఉండవు. పని ఆలస్యం అవుతుందని తీసి మూలన పడేస్తారు. మూలన పడినది తుక్కుకు పోతుంది. మెషీను చేతులు మారి సెకండ్ హ్యాండులో మన దగ్గరికి వచ్చేసరికి అది ఉండేదని కూడా ఎవరికీ గుర్తుండదు.

బేరం

పొల్లాచ్చి దారిలో మూతపడుతున్న ఒక కొయ్య పని కొట్టు గురించి తెలిసి మేము ముగ్గురమూ పోయినాము. మెషీను మీద దుమ్ము, నూనె, బూజు. 48,000 చెప్పినాడు. పిల్లవాడు వెంటనే స్విచ్ వేసి చూద్దామన్నాడు. చిన్నాయన వాడి చేయి పట్టుకున్నారు.

"మొదట ఆగి ఉన్నదాన్ని చూడు. తిరిగేది చూస్తే అందరికీ ముచ్చటగానే ఉంటుంది."

మెయిన్ తీయించినారు. రంపం విప్పించి, అది కూర్చునే ఇరుసును చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఊపినారు. కొంచెం ఆడింది. బేరింగులు అరిగినాయి, అది మార్చుకోదగిన లోపం. పొడుగాటి ఉక్కు స్కేలును బల్ల మీద మూల నుంచి మూలకు పెట్టి, కింద వెలుతురు కనపడుతుందా అని వంగి చూసినారు. కనపడలేదు. పోత బల్ల వంగి ఉంటే ఆ మెషీను వద్దు, దాన్ని ఇంట్లో బాగు చేసుకోలేము. తర్వాత బల్ల మీది పక్క కమ్మీ, అంటే ఫెన్సు, రంపానికి సరిగ్గా సమాంతరంగా నిలుస్తుందా అని రంపం ముందు పంటి దగ్గర, వెనక పంటి దగ్గర కొలిచినారు. వెనక దూరం తక్కువైతే కొయ్య అక్కడ ఇరుక్కొని తంతుంది. రంపాన్ని పైకీ కిందికీ జరిపే చేతి చక్రానికి మూడు ఆకుల్లో ఒకటి విరిగి ఉంది.

చివరికి రంపం వెనకాల చూసినారు. రెక్క లేదు. గార్డు లేదు.

"గార్డు ఏమయింది?" అని అడిగితే, "పనికి అడ్డం అని ఎప్పుడో తీసేసినాము సార్" అన్నాడు కొట్టు ఆయన. చిన్నాయన ఏమీ అనలేదు. తన ఎడమ చేయి బల్ల మీద పెట్టినారు. ఆయన చూసినాడు. ఆ తర్వాత బేరం పెద్దగా చేయవలసిన పని లేకపోయింది. 36,000కు ఒప్పుకున్నాడు. అప్పుడే స్విచ్ వేయించి, ఖాళీగా తిప్పి, బేరింగు గరగర ఎంత ఉందో, ఆపినాక ఎంతసేపు తిరుగుతుందో చూసినాము.

ఇంటికి తెచ్చినాక నాలుగు ఆదివారాలు దాన్ని వాడలేదు. నట్టు నట్టు విప్పినాము. కొత్త బేరింగులు, కొత్త బెల్టు వేసినాము. వీధి చివర ఇనుప పని ఆయన చేత ఉక్కు రెక్క కోయించినాము. దాని మందం ఇష్టం వచ్చినట్టు ఉండకూడదు. మా రంపం పళ్ళు కోసే సందు 3.2 మిల్లీమీటర్లు, రంపం రేకు 2.2. రెక్క ఆ రెండింటికీ మధ్యలో ఉండాలి కాబట్టి 2.5 పెట్టినాము. పళ్ళకూ రెక్కకూ నడుమ ఎడం 8 మిల్లీమీటర్లు దాటకుండా బిగించినాము. పైన గార్డు పెట్టించినాము.

త్రీ ఫేజ్ వైరు తగిలించిన రోజు మొదట రంపం లేకుండానే స్విచ్ వేయమన్నారు చిన్నాయన. ఇరుసు వెనక్కి తిరిగింది. త్రీ ఫేజ్ మోటారుకు ఏ రెండు వైర్లు తారుమారైనా అంతే, తిరిగే దిక్కు మారుతుంది. రంపం తగిలించి ఉంటే బిగించిన నట్టు వదులయ్యేది. ఎలక్ట్రీషియన్ రెండు వైర్లు మార్చినాడు, సరిపోయింది. పిల్లవాడి మొహంలో రంగు రావడానికి మాత్రం కొంచెంసేపు పట్టింది.

దూలాలకు ముందు అయస్కాంతం తిప్పినాము. ఒక్క దూలంలో పదకొండు మేకులు దొరికినాయి. అన్నీ పెరికి, పైన అంటుకున్న సున్నం, ఇసుక గీకి, వంకర పక్కను చిత్రిక పట్టి నిటారు చేసినాము. వంకర కొయ్యను ఈ బల్ల మీద పెట్టకూడదు, అది ఊగి ఇరుక్కుంటుంది. రంపం కొయ్య కన్నా కొంచెమే పైకి తేలేట్టు దించి, రెండు దఫాలుగా కోసినాము. తోసేదానికి చేయి కాదు, తోపుడు కర్ర. నిలబడేది రంపానికి ఎదురుగా కాదు, పక్కన. మొదటి పలక తెగినప్పుడు కొట్టమంతా టేకు వాసన. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి, "మా అమ్మ ఇంటి వాసన" అన్నది.

చేతి చక్రం

ఇంకా విరిగిన చేతి చక్రం మిగిలింది. అంగట్లో కొత్తది దొరికేదే. చిన్నాయన వద్దన్నారు. తెగిన దూలంలో మిగిలిన ముక్క తీసుకున్నారు. పాత చక్రం అడ్డం కొలత 200 మిల్లీమీటర్లు. కొయ్య చక్రం 202 చేసి, నున్న చేసేదానికి ఇంకొంచెం కలిపి చెక్కించినారు. ఆయన గీత గీసినారు, పిల్లవాడు కోసినాడు. కోత మొదలయ్యే ప్రతిసారీ, "వేళ్ళు ఎన్ని ఉండాయో ఎంచుకోరా" అనేవారు. వాడు "పది తాతా" అని చెప్పినాకే స్విచ్.

ఆ కొయ్య చక్రాన్ని ఒక చిన్న ఫౌండ్రీకి తీసుకుపోయినాము. ఇసుకలో అదిమి, తీసి, పోత పోసినారు. చల్లారినాక కొలిస్తే సరిగ్గా పాత చక్రమంత. లేతు మీద నున్న చేసి తగిలించినాము. మా అవ్వగారి ఇంటి దూలం రూపు ఇప్పుడు ఆ మెషీనులో ఇనుమై తిరుగుతోంది. ఆ బల్ల, ఆ ఇరుసు పెట్టె కూడా ఎప్పుడో ఎవరో ప్యాటర్న్ మేకరు కొయ్యతో చెక్కినవే. ఆయన పేరు మెషీను మీద లేదు.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, దుబాయిలోనో ఉన్న మన పిల్లలు కూడా ఈ పనికి దిగుతున్నారని వింటున్నాము. అమెరికాలో పాత డెల్టా, క్రాఫ్ట్స్‌మన్ బల్ల రంపాలు చవకగా దొరుకుతాయంటారు. అక్కడ కూడా 2009కి ముందరి చాలా మెషీన్లకు ఈ రెక్క ఉండదు. వేలు తగిలిన క్షణంలో ఆగిపోయే సా‌స్టాప్ లాంటి రంపాలు 2004 తర్వాత వచ్చినాయి, పాతవాటిలో అది ఆశించకూడదు. చవకదనం చూసి కొనకండి. ఆగి ఉన్నదాన్ని చూడండి, విప్పనీయనివాడి దగ్గర కొనకండి, రెక్క లేనిదానికి రెక్క పెట్టేదాకా కొయ్య పెట్టకండి.

జి.డి. నాయుడు గారు 1974లో కన్నుమూశారు. ఆయన పేరు మీద మ్యూజియం ఉంది, పిల్లలను తీసుకుపోయి చూపించండి. కానీ ఆ తరం నేర్పిన పాఠం మ్యూజియంలో కన్నా మన కొట్టాల్లో ఎక్కువ పనికొస్తుంది. కొన్నంత మాత్రాన మెషీను మనది కాదు. విప్పి, దాని లోపం తెలుసుకొని, లేనిది చేర్చినాకే మనదవుతుంది.

మా భోజనాల బల్ల పొంగలి నాటికి తయారైంది. చిన్నాయన దాని ముందర కూర్చొని తిన్నారు. రంపం వాకిట్లోకి వస్తే ఈ ఇంటికి రానన్న మాట ఎవరమూ గుర్తు చేయలేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆయనే ముందుగా వచ్చి కొట్టం తలుపు తీస్తున్నారు.